పరీక్ష చేయకుండా మాత్రలా?

తెల్లవారుజామున పక్క మీద ఇటు నుంచి అటు ఒత్తిగిలుతుంది ఒక ఇల్లాలు. ఇల్లంతా గిర్రున తిరుగుతుంది. ఫ్యాను, గోడ, కిటికీ కలిసి సుడిలో పడ్డట్టవుతుంది. మంచం పట్టె గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంటుంది. అర నిమిషంలో తగ్గుతుంది. లేచి ముగ్గు వేయడానికి వంగితే మళ్లీ అదే. అటక మీది డబ్బా కోసం తలెత్తితే మళ్లీ. కడుపులో తిప్పి వాంతి. ఇంట్లో పెద్దవాళ్లు పైత్యం అంటారు. వీధి చివరి ఆర్‌ఎంపీ బీపీ తగ్గిందని సెలైన్ ఎక్కిస్తాడు. పట్నంలో డాక్టరు మెడకు ఎక్స్‌రే తీయించి, ఎముకలు అరిగాయని కాలర్ వేయిస్తాడు. ఇంకొకరు తలకు ఎమ్మారై రాస్తారు. చీటీ నిండా మాత్రలు. మూడు వారాలు గడిచినా ఆమె వెల్లకిలా పడుకోవడానికి భయపడి, దిండ్లు ఎత్తుగా పేర్చుకుని కూర్చునే నిద్రపోతూ ఉంటుంది.

ఇంతమంది చేతులు మారినా ఒక్కరూ చేయని పని ఒకటుంది. ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి, కళ్లు వాటంతటవే కొట్టుకుంటున్నాయేమో చూడటం. దానికి యంత్రం అక్కర్లేదు, రక్తం తీయక్కర్లేదు, పట్టేది రెండు నిమిషాలు. ఆ పరీక్ష పేరు డిక్స్-హాల్‌పైక్. లండన్‌లోని నేషనల్ హాస్పిటల్‌లో పనిచేసిన మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ 1952లో వందమంది రోగుల వివరాలతో దాన్ని ప్రపంచం ముందు పెట్టారు. అంటే ఏడు దశాబ్దాలు దాటింది. ఇన్నేళ్ల తర్వాత కూడా కళ్లు తిరుగుతున్నాయంటూ వచ్చిన మనిషికి ఆ పరీక్ష చేయకుండా మాత్రల చీటీ చేతిలో పెట్టి పంపడం వైద్యం కాదు. ఈ మాట మేము ఆచితూచే అంటున్నాం.

ఈ జబ్బుకు వైద్యులు పెట్టుకున్న పేరు బినైన్ పరాక్సిస్మల్ పొజిషనల్ వర్టిగో, పొట్టిగా బీపీపీవీ. చెవి లోపలి భాగంలో యుట్రికిల్ అనే చిన్న సంచి ఉంటుంది. అందులో జిగురు పొర మీద సన్నని స్ఫటికాలు పరచుకుని ఉంటాయి. సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేటే అవి కూడా. ఒక్కోటి మిల్లీమీటరులో వందో వంతు ఉంటుంది. మనం నిలబడ్డామో వంగామో మెదడుకు చెప్పేది వీటి బరువే. వయసు వల్లనో, తలకు దెబ్బ తగిలినందువల్లనో, వైరస్ సోకి చెవి నరం వాచినందువల్లనో, ఎక్కువ రోజులు మంచాన పడి ఉన్నందువల్లనో కొన్ని స్ఫటికాలు ఊడి, పక్కనే ఉన్న అర్ధవర్తుల కుల్యల్లోకి జారుతాయి. చాలామందికి కారణమేదీ కనిపించదు. ఆ కుల్యల్లో ఉండేది ద్రవం. తల తిరిగినప్పుడు ఆ ద్రవం కదలికను బట్టే మెదడు తిరుగుడును లెక్కగడుతుంది. లోపలికి జారిన పొడి తల వాలినప్పుడల్లా దొర్లి, ద్రవాన్ని తనతో లాగుతుంది. తల ఆగిపోయినా ఇంకా తిరుగుతూనే ఉందని ఆ చెవి మెదడుకు తప్పుడు కబురు పంపుతుంది. పొడి అడుగుకు చేరగానే కబురు ఆగిపోతుంది. అందుకే ఒక్కో విడత నిమిషం లోపే ముగుస్తుంది.

ఇందులో రసాయనం ఏమీ లేదని గమనించాలి. చోటు తప్పిన పొడి ఇది. కాలువలో పడ్డ ఇసుకను మాత్ర వేసి కరిగించలేం. దాన్ని వచ్చిన దారినే బయటికి దొర్లించాలి. మూడు కుల్యల్లో వెనక కుల్య అన్నిటికంటే కిందికి ఉంటుంది కనుక పది కేసుల్లో ఎనిమిది దాకా పొడి చేరేది అందులోనే.

దొర్లించే దారి కనిపెట్టింది అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్ నగరంలో ప్రాక్టీసు చేసిన చెవి వైద్యుడు జాన్ ఎప్లీ. రోగిని కాళ్లు చాచి కూర్చోబెట్టి, తలను జబ్బు చెవి వైపు 45 డిగ్రీలు తిప్పి, బల్ల అంచు దాటి తల కాస్త కిందికి వేలాడేలా పడుకోబెట్టాలి. తిరుగుడు ఆగాక తలను రెండో వైపుకు 90 డిగ్రీలు తిప్పాలి. మళ్లీ ఆగి, ఒళ్లంతా అదే వైపుకు దొర్లించి ముక్కు నేలను చూసేలా చేయాలి. ఆ తర్వాత గడ్డం ఛాతీకి దగ్గరగా పెట్టి లేపి కూర్చోబెట్టాలి. ఒక్కో భంగిమలో అర నిమిషం నుంచి నిమిషం. స్ఫటికాలు కుల్య వంపు వెంట మెట్టు మెట్టుగా జారి యుట్రికిల్‌లోకి చేరతాయి. 1980లో ఆయన ఈ సంగతి తోటి వైద్యులకు చూపిస్తే నమ్మినవాళ్లు తక్కువ. పూర్తి వ్యాసం అచ్చయ్యేసరికి 1992 వచ్చింది. ఆ పన్నెండేళ్లలో ఆయన తలలు తిప్పి జబ్బు తగ్గిస్తానంటున్నాడన్న హేళనను భరించాడు. తర్వాత వైద్య మండలి విచారణను కూడా ఎదుర్కొని దోషం లేదనిపించుకున్నాడు. 2019లో కన్నుమూశాడు. చేతులతో చేసే వైద్యం, ఖర్చు లేని వైద్యం, మందు లేని వైద్యం మీద మన వృత్తికి ఉన్న అపనమ్మకం కొత్తదేమీ కాదని చెప్పడానికే ఈ చరిత్ర ఎత్తాం. ఆయనకు అక్కడ జరిగింది ఇక్కడ రోగులకు ఇప్పటికీ జరుగుతోంది.

ఇక పోలికకు వద్దాం. ఎప్లీ పద్ధతి నిజంగా పనిచేస్తుందా? ఉత్తుత్తిగా తల తిప్పిన నకిలీ చికిత్సతో పోల్చిన పరిశోధనలను కాక్రేన్ సంస్థ 2014లో కూడగట్టి చూసింది. ఐదు పరిశోధనల్లో 273 మంది. నకిలీ చికిత్స పొందినవాళ్లలో తిరుగుడు పూర్తిగా పోయింది 21 శాతం మందికి. ఎప్లీ చేసినవాళ్లలో 56 శాతం మందికి. పరీక్షలో కళ్లు కొట్టుకోవడం ఆగిందా అని చూసిన ఎనిమిది పరిశోధనల్లో తేడా ఇంకా ఎక్కువ తేలింది. ప్రాణానికి ముప్పు తెచ్చిన దుష్ఫలితాలేవీ కనిపించలేదు. కొందరికి వికారం వచ్చింది, కొందరు మెడ సమస్యల వల్ల భంగిమలను తట్టుకోలేకపోయారు. ఒక్క విడతకు లొంగకపోతే అదే రోజో, వారం లోపో రెండోసారి చేస్తారు. అప్పుడు తగ్గేవాళ్ల సంఖ్య మరింత పెరుగుతుంది.

ఫ్రాన్స్‌కు చెందిన సెమాన్ 1988లో ప్రకటించిన పద్ధతి దీనికి సరిజోడు. రోగి మంచం అంచున కూర్చుంటాడు. తలను మంచి చెవి వైపు తిప్పి ఉంచి, జబ్బు వైపుకు ఒక్క ఊపున పడుకోబెడతారు. కాసేపాగి తల తీరు మార్చకుండా రెండో పక్కకు అంతే వేగంగా పడవేస్తారు. ఎప్లీతో పోల్చితే ఫలితంలో తేడా లేదని కాక్రేన్ తేల్చింది. 2023లో జామా న్యూరాలజీ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన మరో అడుగు వేసింది. పడుకోబెట్టినప్పుడు తలను నేలకు సమాంతరంగా కాక ఇంకా 60 డిగ్రీలు కిందికి వాల్చే సెమాన్ ప్లస్ పద్ధతిని 195 మందిలో ఎప్లీతో పోల్చారు. మొదటి విడత వైద్యుడు చేశాడు, ఆ తర్వాత రోజుకు మూడు పూటలా రోగులే ఇంట్లో చేసుకున్నారు. కోలుకోవడానికి సగటున ఎప్లీ వాళ్లకు 3.3 రోజులు, సెమాన్ ప్లస్ వాళ్లకు 2 రోజులు పట్టింది. మెచ్చదగిన తేడాయే గాని, ఎప్లీ నేర్చిన వైద్యుడు దాన్ని వదిలేయాల్సినంత తేడా కాదు. లావుగా ఉండి వేగంగా ఊగలేని మనిషికి ఎప్లీ నయం. మెడ వెనక్కి వాల్చలేని మనిషికి సెమాన్ నయం. ఈ రెండింటి మధ్య పోటీ పెట్టి వాదించుకోవడం కాలయాపన. ఏదో ఒకటి చేతికి వచ్చి ఉండాలి.

బ్రాంట్-డరాఫ్ వ్యాయామాల సంగతి వేరు. కాగితం మీద బొమ్మలతో ఇచ్చి, ఇంట్లో రోజుకు మూడుసార్లు అటూ ఇటూ పడుకుని లేవమంటారు. 1980లో వచ్చిన ఈ పద్ధతి ఎప్లీ తెలియని రోజుల్లో పనికొచ్చింది. ఇప్పుడు దాన్నే మొదటి వైద్యంగా ఇవ్వడం రోగి కాలాన్ని వృథా చేయడమే. ఒక్క విడత ఎప్లీని, ఇంట్లో చేసుకునే ఈ వ్యాయామాలను పోల్చిన ఒక పరిశోధనలో ఏడో రోజున పరీక్ష చేస్తే, ఎప్లీ పొందినవాళ్లలో 80.5 శాతం మందికి జబ్బు లేదు. వ్యాయామాల వాళ్లలో 25 శాతం మందికే లేదు. ఇంట్లో చేసుకునే వైద్యమే కావాలనుకుంటే దానికీ ఎప్లీయే మేలు. 2004లో జర్మనీ వైద్యులు రోగులకే నేర్పి పంపితే, వారం తిరిగేసరికి సొంతంగా ఎప్లీ చేసుకున్నవాళ్లలో 95 శాతం, సొంతంగా సెమాన్ చేసుకున్నవాళ్లలో 58 శాతం బాగయ్యారు. సెమాన్‌ను తప్పుగా చేసుకోవడం తేలిక కావడమే ఇందుకు ముఖ్య కారణం.

ఏమీ చేయకుండా వదిలేస్తే? చాలామందికి దానంతట అదే పోతుంది, ఆ నిజాన్ని దాచం. వెనక కుల్యలోదైతే సగటున ఐదారు వారాలు, పక్క కుల్యలోదైతే రెండు వారాలకు కాస్త ఎక్కువ పడుతుందని జపాన్ వైద్యులు లెక్కగట్టారు. కొందరికి నెలల తరబడి ఉంటుంది. ఐదారు వారాలంటే కూలికి వెళ్లే మనిషికి ఐదారు వారాల కూలి. అరవై దాటిన ముసలమ్మకు రాత్రి బాత్‌రూముకు లేచి పడిపోయే ప్రమాదం ముప్పై నలభై రాత్రులు. తుంటి ఎముక విరిగితే ఆ తర్వాత జరిగేదేమిటో మన ఇళ్లలో అందరికీ తెలుసు. వయోవృద్ధుల క్లినిక్‌లో వేరే పనుల మీద వచ్చినవాళ్లను పరీక్షిస్తే నూటికి తొమ్మిది మందిలో ఎవరూ గుర్తించని బీపీపీవీ బయటపడిందని 2000లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. వాళ్లలో కొందరు అప్పటికే పడిపోయి ఉన్నారు. పదిహేను నిమిషాల్లో తీసేయగల ముల్లును అదే ఊడుతుందిలే అని వదిలేయమని చెప్పే హక్కు వైద్యుడికి లేదు. రోగి అన్నీ విని, తానే ఆగుతానంటే అది వేరు.

ఇప్పుడు మాత్రల దగ్గర ఆగాలి. అసలు అపరాధం ఇక్కడుంది. బీటాహిస్టిన్, సిన్నారిజైన్, ప్రోక్లోర్‌పెరజిన్, ఫ్లూనారిజైన్, వీటికి తోడు నిద్రమాత్ర. తెలుగు రాష్ట్రాల్లో తల తిరుగుడు చీటీ చూసిన ప్రతి మందుల షాపువాడికీ ఈ పేర్లు కంఠతా వచ్చు. వీటిలో ఒక్కటి కూడా కుల్యలోని పొడిని అంగుళం కాదు, వెంట్రుకవాసి కూడా కదపదు. 1980లోనే లోరాజెపామ్, డయాజెపామ్ మాత్రలను మందు లేని ఉత్తి మాత్రలతో పోల్చి చూశారు. మూడు గుంపుల్లోనూ జబ్బు ఒకే తీరున తగ్గింది, మందు వల్ల అదనంగా ఒరిగింది లేదు. చిన్న పరిశోధనే, కానీ ఆ తర్వాత వచ్చిన సాక్ష్యమూ దాన్ని తిరగదోడలేదు. అమెరికా చెవి ముక్కు గొంతు వైద్యుల అకాడమీ 2008లో, మళ్లీ 2017లో మార్గదర్శకాలు రాసి, ఈ జబ్బుకు యాంటీహిస్టమిన్లు, బెంజోడయాజెపిన్లు అలవాటుగా రాయవద్దని చెప్పింది.

మందులవాళ్ల తరఫున చెప్పగలిగినంతా చెప్పాలంటే, వాంతులతో తల ఎత్తలేని రోగికి ఎప్లీ చేసే ముందు ఒక మాత్ర వేయడం మంచిదే. పొడి తిరిగి యుట్రికిల్‌లోకి చేరిపోయాక కొన్నాళ్లు మిగిలే తూలుడుకు బీటాహిస్టిన్ కొంత ఊరటనిస్తుందని కొన్ని చిన్న పరిశోధనలు అన్నాయి. అది ఒకటి రెండు రోజుల మాట, మహా అయితే ఒకటి రెండు వారాల మాట. నెలలూ సంవత్సరాలూ వాడించడానికి అది సాక్ష్యం కాదు. బీటాహిస్టిన్ మెనియర్ అనే వేరే చెవి జబ్బు కోసం వచ్చిన మందు. ఆ మెనియర్‌లో కూడా 221 మంది మీద జరిపి 2016లో ప్రకటించిన పరిశోధనలో అది ఉత్తి మాత్రను మించలేదు.

పనిచేయకపోవడం ఒక్కటే అయితే డబ్బు దండగ అని ఊరుకోవచ్చు. ఇవి హాని చేస్తాయి. తల తిరిగినప్పుడు మెదడు కొత్త లెక్కలు నేర్చుకుని సర్దుకోవాలి. మత్తు మాత్రలు ఆ సర్దుబాటును మందగింపజేస్తాయి. వృద్ధులను మగతలో పెట్టి పడేస్తాయి. ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నారిజైన్, ఫ్లూనారిజైన్ మెదడులో డోపమిన్ పనిని అడ్డుకుంటాయి. నెలల తరబడి వాడిన వృద్ధుల్లో చేతులు వణకడం, నడక బిగుసుకోవడం, ముఖం కళ తప్పడం మొదలవుతాయి. దాన్ని పార్కిన్సన్ జబ్బనుకుని దానికి మరో మందు మొదలుపెట్టడం కూడా జరుగుతుంది. కుల్యలో చిటికెడు కూడా లేని పొడి నుంచి బయలుదేరిన ఒక స్త్రీ, మందుల వల్ల వణుకుడు మనిషై ఇల్లు చేరడం మనం ఊహించనక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా తెరిచి చూడండి. మూడేళ్ల కిందట తల తిరిగిందని రాసిన మాత్ర ఇంకా రోజూ పడుతోందేమో చూడండి. ఉంటే మీ అంతట మీరు ఆపకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఇది ఎందుకు, ఎన్నాళ్లు అని అడగండి.

మెడ కాలర్ గురించి రెండు మాటలు చాలు. యాభై దాటిన ఎవరి మెడను ఎక్స్‌రే తీసినా అరుగుదల కనిపిస్తుంది. తల తిరగనివాళ్ల మెడలోనూ కనిపిస్తుంది. పడక మీద ఒత్తిగిలితే ఇల్లు తిరిగి నిమిషంలో ఆగిపోయే జబ్బుకు అరిగిన ఎముక కారణం కాదు. కాలర్ బిగిస్తే తల కదలదు కనుక విడతలు తగ్గినట్టు అనిపిస్తుంది. ఆ భ్రమే రోగినీ డాక్టరునూ నెలల పాటు తప్పుదారిలో నడిపిస్తుంది.

స్కాన్ల విషయంలో అంత తేలిగ్గా మాట్లాడలేం, ఎందుకంటే ఎమ్మారై ప్రాణం కాపాడే సందర్భాలున్నాయి. ఆగకుండా గంటల తరబడి తిరుగుడు ఉన్నా, మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, మూతి వంకర పోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, పట్టుకోకుండా నిలబడలేకపోయినా అది మెదడులో రక్తనాళం మూసుకుపోవడం కావచ్చు. ఎప్లీ సంగతి మరిచి నేరుగా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. పడుకోబెట్టినప్పుడు కళ్లు తిన్నగా కిందికి కొట్టుకుంటున్నా, ఎంతసేపు చూసినా ఆ కొట్టుకోవడం ఆగకపోయినా, రెండు మూడు విడతలు సరిగా చేసినా తగ్గకపోయినా మెదడు వైపు చూడాల్సిందే. ఇవేవీ లేకుండా, పరీక్షలో కళ్లు సుడి తిరుగుతూ నుదుటి వైపుకు కొట్టుకుని, కొన్ని సెకన్లు ఆలస్యంగా మొదలై నిమిషంలో ఆగిపోతే నిర్ధారణ అక్కడే అయిపోయింది. ఆ స్ఫటికాలు ఎమ్మారైలో కనిపించవు. స్కాన్ నార్మల్ అని తేలిన రోగికి జబ్బేమీ లేదు, టెన్షన్ తగ్గించుకోమని చెప్పి పంపడం వేలకు వేలు వదిలించి అవమానాన్ని చేతిలో పెట్టడం.

ఎప్లీ పేరు వింటేనే చాలనుకునేవాళ్లను కూడా హెచ్చరించాలి. పొడి పక్క కుల్యలో ఉంటే ఎప్లీ పనిచేయదు. అప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి తలను కుడికీ ఎడమకూ దొర్లించే పరీక్ష చేయాలి. వైద్యం కూడా వేరు, ఒంటిని నిలువునా చుట్టూ దొర్లించే పద్ధతి, లేదా ఇటలీ వైద్యుడు గుఫోని చెప్పిన పద్ధతి. ఏ చెవో తెలియకుండా వీడియో చూసి తల తిప్పుకుంటే పొడి ఒక కుల్యలోంచి మరో కుల్యలోకి పోవచ్చు. మెడ ఎముకలు బాగా దెబ్బతిన్నవాళ్లు, కంటి రెటీనా ఊడినవాళ్లు, మెడ రక్తనాళాలు పూడుకున్నవాళ్లు వైద్యుడు లేకుండా ఈ జోలికి పోకూడదు. మొదటిసారి డాక్టరు చేతుల్లోనే జరగాలి. ఏ చెవో తెలిసి, ఎలా చేయాలో నేర్చుకున్నాక మళ్లీ వస్తే ఇంట్లో చేసుకోవచ్చు. చేశాక రెండు రోజులు కూర్చునే నిద్రపోవాలి, తల వంచకూడదు అనే పాత ఆంక్షలకు చెప్పుకోదగ్గ ఫలం లేదు. 2017 మార్గదర్శకాలు వాటిని విధించవద్దని గట్టిగానే అన్నాయి. ఖరీదైన తిరిగే కుర్చీలు వెన్నెముక కదలనివాళ్లకు, మొండి కేసులకు పనికొస్తాయి. మామూలు రోగికి వాటి అవసరం లేదు, వాటి బిల్లు అంతకంటే అవసరం లేదు. కుల్యను పూడ్చే శస్త్రచికిత్స ఏ పద్ధతికీ లొంగని బహు కొద్దిమందికి మాత్రమే.

జబ్బు తిరగబెడుతుంది, అది నిజం. కాక్రేన్ చూసిన పరిశోధనల్లో మూడో వంతుకు పైగా మందికి కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. ఇక్కడ మన గడ్డకు నేరుగా సంబంధించిన సంగతి ఒకటుంది. కొరియాలో వెయ్యిమంది దాకా రోగుల మీద జరిపి 2020లో న్యూరాలజీ పత్రికలో ప్రకటించిన పరిశోధనలో, రక్తంలో విటమిన్ డి 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉన్నవాళ్లకు రోజుకు రెండుసార్లు 400 యూనిట్ల విటమిన్ డి, 500 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చారు. ఏడాదిలో తిరగబెట్టడం 24 శాతం తగ్గింది. ఎండలకు పేరుపడ్డ రాయలసీమలో, పల్లెల్లో కూడా విటమిన్ డి లోపం విరివిగా ఉందని తిరుపతి స్విమ్స్ వైద్యులు ఇరవై ఏళ్ల కిందటే చూపించారు. కనుక మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు విటమిన్ డి పరీక్ష రాయడం సబబు. అయితే కొరియా పరిశోధనలో ఇచ్చింది చిన్న మోతాదు, రోజూ. అది చూపించి అడిగినా అడగకపోయినా అరవై వేల యూనిట్ల మోతాదులు, ఇంజెక్షన్లు గుప్పించడం వైద్యం కాదు. ఎప్లీకి బదులుగా విటమిన్ బిళ్ల ఇవ్వడం అంతకంటే కాదు.

ఇంత తెలిసీ ఎందుకు జరగడం లేదు? 2007లో జర్మనీ జనాభాలో జరిపిన సర్వేలో జీవితకాలంలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఈ జబ్బు వస్తుందని తేలింది. వచ్చినవాళ్లలో సరైన చికిత్స అందింది 8 శాతం మందికే. అది సంపన్న దేశం, ఎప్లీ వ్యాసం అచ్చయిన పదిహేనేళ్లకు. ఇక్కడి లెక్క అంతకంటే బాగుంటుందని నమ్మడానికి మాకు ఆధారం కనిపించడం లేదు. దీనికి భాష కూడా కొంత కారణం. స్పృహ తప్పబోతున్నా, నీరసంగా ఉన్నా, తూలుతున్నా, ఇల్లు గిర్రున తిరిగినా తెలుగులో అన్నిటికీ కళ్లు తిరుగుతున్నాయనే అంటాం. ఆ ఒక్క మాట దగ్గరే డాక్టరు ఆగిపోతే బీపీ, షుగరు, మెడ, మెదడు అన్నీ అనుమానాలే. ఏం చేస్తే వస్తోందమ్మా, పడుకుంటేనా, పక్కకు తిరిగితేనా, ఎంతసేపు ఉంటోంది అని రెండు ప్రశ్నలు అడిగితే సగం దారి తెరుచుకుంటుంది. ఆ రెండు ప్రశ్నలకు తీరిక లేదనడం ఒప్పుకోం. చీటీ మీద ఐదు మందులు రాయడానికి, స్కాన్ కాగితం నింపడానికి పట్టే కాలం అంతే.

రెండో కారణం డబ్బు. చేతులతో చేసే వైద్యానికి బిల్లు పుట్టదు. మాత్రకు, స్కానుకు పుడుతుంది. ఇందులో కంపెనీల ప్రతినిధుల పాత్ర ఉంది, వాటాల పాత్ర ఉంది, ఏ మందూ రాయని డాక్టరు డాక్టరే కాదనుకునే మన పాత్ర కూడా ఉంది. మూడోది శిక్షణ. హౌస్ సర్జన్‌గా ఈఎన్‌టీ విభాగంలో గడిపి బయటికి వచ్చే ప్రతి డాక్టరూ కనీసం పది మందికి డిక్స్-హాల్‌పైక్, ఐదుగురికి ఎప్లీ స్వయంగా చేసి సంతకం వేయించుకునే నియమం రెండు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలూ పెట్టాలి. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఇందుకు శిక్షణ కేంద్రాలు కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లను, బస్తీ దవాఖానాల డాక్టర్లను విడతలవారీగా అక్కడికి ఒక్కో రోజు పంపితే చాలు. నేర్చుకోవడానికి ఒక పూట సరిపోయే పని ఇది. ఆరోగ్య బీమా పథకాలు కళ్లు తిరుగుడు కేసులో ఎమ్మారై బిల్లు చెల్లించే ముందు పడుకోబెట్టి చూశారా లేదా, ఏం కనిపించింది అని ఒక గడి నింపమని అడగాలి.

మా తీర్పు ఇది. తల కదిపితే వచ్చే తిరుగుడుకు మొదటి వైద్యం ఎప్లీ గాని సెమాన్ గాని. అది చేతకాకపోతే చేయగల చోటికి అదే రోజు పంపాలి. పరీక్ష చేయకుండా మాత్రలు రాయడాన్ని నిర్లక్ష్యం కిందే లెక్కగట్టాలి.

ఈ పని ఎక్కడ మొదలవ్వాలో కూడా చెప్పాలి. మన ఆరోగ్య కేంద్రాల్లో ఓపీ గదిలో పరీక్ష బల్ల తలవైపు గోడకు ఆనించి ఉంటుంది. దాని మీద ఎవరినీ తల వేలాడేలా పడుకోబెట్టలేరు, వెనక నిలబడి తల పట్టుకోవడానికి డాక్టరుకు చోటుండదు. రేపు ఉదయం ఓపీ తెరవగానే ఆ బల్లను మూడడుగులు ముందుకు జరపాలి.